కేటాయించారు సరే, ఇచ్చారా? నెల్లూరు తీరం నుంచి ఒక బడ్జెట్ మాట లెక్క

బడ్జెట్ రోజు సాయంత్రానికల్లా ఒక అంకె అన్ని చానెళ్లలో, అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ శాసనసభలో 3,22,359 కోట్ల రూపాయల బడ్జెట్ పెట్టినప్పుడు ఆ అంకె 20,281 కోట్లు. ఎస్సీల సంక్షేమానికి అంత కేటాయించామని ప్రకటించారు. ఎస్టీలకు 8,159 కోట్లు అన్నారు. పాలక పక్షం వాళ్లు ఇది చరిత్రాత్మకం అన్నారు. ప్రతిపక్షం వాళ్లు మోసం అన్నారు. అంతకు ముందు ఐదేళ్లు మాటలు ఇవే, కుర్చీలు మాత్రం తారుమారు.

ఈ గోలలో ఎవరూ ఆగి అడగని ప్రశ్న ఒకటుంది. 'కేటాయింపు' అంటే అసలు అర్థం ఏమిటి? కేటాయించడం అంటే ఇచ్చినట్టా? ఇస్తామని చెప్పినట్టా? ఇచ్చుకోవచ్చని అనుమతి తీసుకున్నట్టా? లేక ఎప్పుడో ఇచ్చేసినట్టు భావించమని మనకు చెబుతున్నట్టా?

చిన్న లెక్క ఒకటి చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు సుమారు 85 లక్షల మంది. 20,281 కోట్లను వాళ్ల సంఖ్యతో భాగిస్తే తలకు దాదాపు 23,800 రూపాయలు. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 95 వేలు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో ఏ దళితవాడలోనైనా నిలబడి ఈ అంకె చెప్పి చూడండి. నవ్వుతారు. కొందరికి కోపమూ వస్తుంది. కానీ బడ్జెట్ పుస్తకాన్ని బట్టి అది అబద్ధం కాదు. పుస్తకం ఒక అర్థంలో వాడిన మాటను వాడలో ఇంకో అర్థంలో వింటున్నారు. ఆ తేడా ఎక్కడుందో చూపించడమే ఈ వ్యాసం పని.

మాట ఒకటి, మెట్లు చాలా

మన ఊళ్లలో ప్రభుత్వ డబ్బు గురించి మాట్లాడుకునే భాష ఒకటుంది. "శాంక్షన్ అయిందంట." "గ్రాంటు వచ్చిందంట." "పని అయిపోయింది గానీ బిల్లు పడలా." ఈ మాటలు పైకి ఒకేలా వినిపించినా ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు. ఊరివాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. తెలియనిదల్లా టీవీ చర్చలకే.

మొదటి మెట్టు అంచనా. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం ప్రభుత్వం ప్రతి ఏటా రాబడి, ఖర్చుల అంచనాను శాసనసభ ముందు పెట్టాలి. మనం బడ్జెట్ అని పిలిచేది ఇదే. రెండో మెట్టు ఆమోదం. శాఖలవారీ డిమాండ్లను సభ ఆమోదించాక 204వ అధికరణ కింద ద్రవ్య వినిమయ బిల్లు పెడతారు. అది చట్టమైతే తప్ప ఖజానాలోంచి రూపాయి తీయడానికి వీల్లేదు. ఇక్కడొక మెలిక ఉంది. ద్రవ్య వినిమయ చట్టం 'ఇంతవరకు ఖర్చు చేయవచ్చు' అని అనుమతి ఇస్తుంది. 'ఇంత ఖర్చు చేసి తీరాలి' అని ఆదేశించదు. అంటే కేటాయింపు పైకప్పే గానీ నేల కాదు. దానికంటే ఎక్కువ ఖర్చు పెడితే శాసనసభకు సంజాయిషీ ఇవ్వాలి. సగం ఖర్చు పెట్టి ఊరుకుంటే ఆ చట్టం కింద తప్పేమీ లేదు.

మూడో మెట్టు విడుదల. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇస్తేనే శాఖ చేతికి ఖర్చుపెట్టే అధికారం వస్తుంది. నాలుగోది పని మంజూరు. ఐదోది పని జరిగాక బిల్లు పెట్టడం. ఆరోది ఆ బిల్లు ఖజానాలో పాసై డబ్బు ఖాతాలో పడటం. ఈ వరుసలో ఎక్కడ ఆగినా మార్చి 31 అర్ధరాత్రికి మిగిలిన అనుమతి మురిగిపోతుంది. మరుసటి ఏడాది మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

పరిశోధన చేసే విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఏ బడ్జెట్ పుస్తకం తెరిచినా మూడేళ్ల అంకెలు పక్కపక్కన ఉంటాయి. రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. 2025-26 పుస్తకంలో వాస్తవ ఖర్చు కనిపించేది 2023-24కు మాత్రమే. పత్రికల పతాక శీర్షికకు ఎక్కేదేమో రాబోయే ఏడాది అంచనా, అంటే మూడింటిలో అన్నిటికన్నా అనిశ్చితమైన అంకె. వాస్తవ ఖర్చు బయటపడే నాటికి రెండేళ్లు గడిచిపోతాయి. ఒక్కోసారి ప్రభుత్వమే మారిపోతుంది. అప్పటికి ఆ అంకె గురించి అడిగేవాళ్లూ ఉండరు, చెప్పవలసినవాళ్లూ ఉండరు.

అంబేద్కర్ చదివిన చదువు ఇదే

ప్రభుత్వ ఆర్థిక లెక్కలు మనవి కావు, అవి చార్టెడ్ అకౌంటెంట్ల పని అనే భావన మన సంఘాల్లో ఇంకా ఉంది. అలా అనుకునేవాళ్లకు గుర్తు చేయాలి, బాబాసాహెబ్ కొలంబియా విశ్వవిద్యాలయ డాక్టరేట్ పరిశోధన కులం మీద చేసింది కాదు. బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ ఎలా పరిణమించిందన్నది దాని విషయం. 1925లో అది పుస్తకంగా వచ్చింది.

ఆ పుస్తకంలో ఆయన కేంద్ర, ప్రాంతీయ ప్రభుత్వాల ఆర్థిక సంబంధాన్ని మూడు దశలుగా విడదీశారు. 1870ల మొదట్లో కేంద్రం ప్రాంతాలకు ఏడాదికింత అని ఒక మొత్తం ఇచ్చేది. తర్వాత కొన్ని రాబడి పద్దులను ప్రాంతాలకే అప్పగించింది. 1882 నుంచి రాబడిలో వాటా పంచుకునే పద్ధతి వచ్చింది. అంటే పై వాడు దయతలిచి ఇచ్చే మొత్తం ఒకటి, నీ చేతికే వచ్చే రాబడి ఇంకొకటి, హక్కుగా వచ్చే వాటా మరొకటి. మూడింటినీ 'ఇంత ఇచ్చాం' అని ఒకే మాటతో చెప్పవచ్చు. అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం మూడింటిలో మూడు రకాలు.

ఆ తేడాను ఇవాళ్టి ఉప ప్రణాళిక మీద పెట్టి చూద్దాం. దళితులు పోరాడింది వాటా కోసం. చట్టంలో రాసింది వాటా. బడ్జెట్ ప్రసంగంలో వినిపించేదీ వాటాయే. ఆచరణలో మాత్రం అది ఆర్థిక శాఖ విడుదల చేస్తే వచ్చే, చేయకపోతే రాని మొత్తంగా మిగిలింది. హక్కు పేరుతో దానం జరుగుతోంది. చాలాసార్లు ఆ దానం కూడా లెక్కల్లోనే.

వాటా మాట ఎలా వచ్చింది

గిరిజన ఉప ప్రణాళిక ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974-75లో మొదలైంది. ఎస్సీల కోసం ప్రత్యేక అంగ ప్రణాళిక 1979-80లో వచ్చింది. 1980 మార్చిలో ప్రధాని ఇందిరాగాంధీ దాని గురించి ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. సూత్రం సూటిగానే ఉంది: ప్రణాళికా వ్యయంలో కనీసం జనాభా నిష్పత్తికి తగ్గకుండా దళితుల అభివృద్ధికి పక్కన పెట్టాలి. ముప్పై ఏళ్లపాటు అది మార్గదర్శకంగానే ఉండిపోయింది. ఏ ప్రభుత్వమైనా పాటించకపోతే అడిగే దారి లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, గిరిజన, వామపక్ష సంఘాలు ఏళ్ల తరబడి చేసిన ఉద్యమం వల్ల అది చట్టమైంది. కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2012 డిసెంబరులో శాసనసభ బిల్లును ఆమోదించింది. 2013 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. దేశంలో ఈ విషయం మీద వచ్చిన మొదటి చట్టం అదే. పదేళ్ల గడువు పెట్టారు. 2023 జనవరిలో గడువు ముగుస్తుండగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ ద్వారా మరో పదేళ్లు పొడిగించింది. ఆ పొడిగింపు కోసం కూడా మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది. హక్కుకు గడువు తేదీ ఉండటం మన దగ్గరే చూస్తాం.

చట్టం చెప్పిన ముఖ్యమైన మాట: ఉప ప్రణాళికలో పెట్టే పథకం ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా, లెక్కించదగిన ప్రయోజనం ఇవ్వాలి. అభివృద్ధిలో మిగతా సమాజానికీ ఎస్సీ ఎస్టీలకూ మధ్య ఉన్న దూరం తగ్గించడం దాని ఉద్దేశం. ఈ రెండు షరతులను మనసులో పెట్టుకుని, ఖర్చును ఎలా లెక్క కట్టమన్నదో చూద్దాం.

నాలుగు రకాల లెక్క

చట్టం పథకాలను నాలుగు రకాలుగా విడదీసింది.

మొదటిది, కేవలం ఎస్సీలకే ఉద్దేశించిన పథకం. భూమి లేని దళిత మహిళకు భూమి కొనిచ్చే పథకం, సాంఘిక సంక్షేమ గురుకులం లాంటివి. ఇందులో ఖర్చయిన రూపాయి మొత్తం ఉప ప్రణాళికలో పడుతుంది. దీని మీద ఎవరికీ పేచీ లేదు.

రెండోది, అందరితో పాటు ఎస్సీలకూ అందే పథకం. లబ్ధిదారుల్లో ఎస్సీలు ఎందరుంటే ఆ మేరకు ఉప ప్రణాళికలో రాస్తారు. మూడోది, ఎస్సీ ఆవాసాలతో పాటు వేరే ఆవాసాలకూ ఉపయోగపడే పని. ఎస్సీ జనాభా నిష్పత్తిలో రాస్తారు. నాలుగోది, విడదీయడానికి వీల్లేని మౌలిక సదుపాయం. దాని ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని ఉప ప్రణాళికకు చెందినట్టుగా 'భావించాలి'.

మొదటి రకం నుంచి నాలుగో రకానికి వెళ్లేకొద్దీ దళితుడు కనిపించడం తగ్గుతుంది, అంకె పెరగడం తేలికవుతుంది.

రెండో రకాన్ని ఒక ఊహా గ్రామంతో చూద్దాం. ఊళ్లో 500 మందికి సామాజిక పింఛన్లు వస్తున్నాయి, వాళ్లలో 150 మంది ఎస్సీలు అనుకుందాం. నెలకు 4,000 రూపాయల చొప్పున ఏడాదికి 72 లక్షలు. ఈ 72 లక్షలనూ ఉప ప్రణాళిక ఖర్చుగా రాయవచ్చు. పింఛను అందుకున్న అవ్వకు ఆ డబ్బు అక్షరాలా అన్నం. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ ఆ పింఛను ఆమెకు వృద్ధురాలైనందుకు వచ్చింది. పక్క వీధిలో రెడ్డిగారి అమ్మకూ అంతే వచ్చింది. దళితవాడకు, ఊరికి మధ్య ఉన్న దూరం ఆ పింఛనుతో అంగుళం కూడా తగ్గలేదు. ఇద్దరికీ సమానంగా ఇచ్చినది, ఒకరి ఖాతాలో మాత్రం 'ప్రత్యేక అభివృద్ధి' అయింది.

గత ప్రభుత్వం అమ్మఒడిలో ఎస్సీ తల్లుల వాటాను ఇలాగే ఉప ప్రణాళిక కింద చూపిందని దళిత సంఘాలు నిలదీశాయి. అప్పట్లో మాల, మాదిగ, రెల్లి పేర్లతో మూడు కార్పొరేషన్లు ఏర్పాటు చేశారు. కార్పొరేషన్ అంటే స్వయం ఉపాధికి రుణాలిచ్చే, భూమి కొనిచ్చే సంస్థ అని మనం అనుకున్నాం. ఆ పేర్ల మీద కనిపించిన డబ్బులో ఎక్కువ భాగం అందరికీ ఇచ్చే నగదు పథకాలదే అన్నది అప్పటి ప్రధాన విమర్శ. ఆ విమర్శ చేసినవాళ్లలో కొందరు ఇప్పుడు ప్రభుత్వంలో ఉన్నారు. 2025-26 బడ్జెట్‌లో తల్లికి వందనానికి 9,407 కోట్లు పెట్టారు. అందులో ఎస్సీ తల్లుల వాటాను ఏ పద్దులో రాస్తున్నారని అదే ప్రశ్న వాళ్లనూ అడగాలి.

కులం కాలమ్ ఎవరికుంటుంది?

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు లేని మండలం దాదాపు లేదు. కావలి నుంచి తడ వరకు బకింగ్‌హాం కాలువ పక్కన, ఉప్పుటేర్ల వెంట గుంటలే గుంటలు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎస్.జగన్నాథన్ కేసులో ఇచ్చిన రొయ్యల సాగు తీర్పులో ఈ తీరం కూడా ఉంది. గుంటల్లో కూలికి వెళ్లేవాళ్లలో, రాత్రిళ్లు కాపలా పడుకునేవాళ్లలో దళితులు, యానాదులు ఎక్కువ. గుంట యజమానుల్లో వాళ్లు అరుదు.

ఇప్పుడు రెండు కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టండి. ఎస్సీ కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ ఉంది. ఆక్వా రైతుకు 2019 నుంచి యూనిట్ రూపాయిన్నర రాయితీ ధర ఉంది, తర్వాత దానికి కొన్ని షరతులు చేర్చారు. రెండింటిలోనూ అసలు ధరకూ, వసూలు చేసే ధరకూ మధ్య తేడాను భరించేది ప్రభుత్వ ఖజానాయే. కానీ మొదటిది ఎస్సీ పద్దులో పడుతుంది, లబ్ధిదారుడి కులధ్రువీకరణ పత్రంతో సహా. రెండోది ఇంధన శాఖ రాయితీగా పోతుంది. అక్కడ కులం కాలమ్ లేదు. మొదటిదాన్ని 'ఉచితం' అంటారు, రెండోదాన్ని 'ప్రోత్సాహకం' అంటారు.

'కేటాయింపు' అనే మాటలో ఉన్న అసలు రాజకీయం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. బడ్జెట్‌లో దళితులకు వెళ్లే ప్రతి రూపాయికీ కులం పేరు రాస్తారు. భూమి, గుంటలు, రైసుమిల్లులు, కాంట్రాక్టులు ఉన్నవాళ్లకు రాయితీగా, ప్రోత్సాహకంగా, పన్ను మినహాయింపుగా వెళ్లే రూపాయికి కులం పేరుండదు. దాన్ని అభివృద్ధి అంటారు. అందుకే 'వీళ్లకే అంతా పెడుతున్నారు' అనే మాట హోటల్ బల్లల మీద అంత తేలిగ్గా వినిపిస్తుంది. లెక్క రాసేది ఒకరికే అయితే అప్పు కూడా ఒకరిదే అన్నట్టు కనిపిస్తుంది.

దేనిలో 17 శాతం?

రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17 శాతం. కాబట్టి బడ్జెట్‌లో 17 శాతం రావాలి అని సభల్లో అంటుంటాం. 3,22,359 కోట్లలో 20,281 కోట్లు 6.3 శాతమే కదా, పదకొండు శాతం ఎగ్గొట్టారు అని లెక్క చెబుతుంటాం. ఈ లెక్కను సరిచేసుకోకపోతే అవతలివాళ్లు ఒక్క వాక్యంతో కొట్టేస్తారు.

చట్టం చెప్పింది మొత్తం బడ్జెట్‌లో వాటా కాదు, ప్రణాళికా వ్యయంలో వాటా. జీతాలు, ఉద్యోగుల పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ప్రణాళికేతర వ్యయంలో ఉండేవి. వాటిని పక్కన పెట్టి, మిగిలినదాంట్లో లెక్క కట్టాలి. అయితే 2015 జనవరిలో ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది. 2017-18 నుంచి బడ్జెట్లలో ప్రణాళిక, ప్రణాళికేతర అనే విభజనే ఎత్తేశారు. 'ప్రణాళికలో 17 శాతం' అనే హక్కులో ప్రణాళిక మాయమైపోయింది. పైన 17 అలాగే ఉంది, కింద దేనితో భాగించాలో ప్రభుత్వం చెప్పిందే లెక్క అయింది.

కేంద్రంలోనూ ఇదే జరిగింది. ఉప ప్రణాళిక పేరు మారి 'ఎస్సీల సంక్షేమానికి కేటాయింపు' అయింది. వ్యయ బడ్జెట్‌లో 10ఏ పట్టికగా కనిపిస్తుంది. అభివృద్ధిలో వాటా అనేది సంక్షేమానికి కేటాయింపుగా మారడం కేవలం పేరు మార్పు కాదు. వాటా అడిగేవాడు భాగస్వామి. సంక్షేమం అందుకునేవాడు లబ్ధిదారుడు. కేంద్రంలో దీనికి ఇప్పటికీ చట్టం లేదు.

కాబట్టి మన మొదటి డిమాండ్ 'ఇంకో వెయ్యి కోట్లు పెంచండి' అనేది కాదు. దేనిలో 17 శాతం లెక్కిస్తున్నారో, ఏ పద్దులు తీసేశారో బడ్జెట్‌తో పాటే ప్రకటించాలి. హారం తెలియకుండా లవం గురించి కొట్లాడటం వృథా.

తీరంలో లెక్కకు అందని మనుషులు

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి నెల్లూరు జిల్లా జనాభాలో ఎస్సీలు 22 శాతానికి పైగా, ఎస్టీలు సుమారు పదోవంతు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు ఈ రెండు ఉప ప్రణాళికల పరిధిలోకి వస్తారు. రాష్ట్రమంతటికీ ఒకే సగటు శాతంతో లెక్క కడితే ఇలాంటి జిల్లా నష్టపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆ రెండూ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలే. తీరం ఒకటే, లెక్క రెండు జిల్లాల్లో చీలిపోయింది. పాత, కొత్త అంకెలు పోల్చేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

ఇక యానాదులు. గిరిజన ఉప ప్రణాళిక ఆలోచన అంతా ఏజెన్సీ కొండల చుట్టూ తయారైంది. నెల్లూరు తీరంలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. యానాదుల కోసం నెల్లూరులో ప్రత్యేకంగా ఐటీడీఏ ఉంది, నిజమే. కానీ వాళ్ల బతుకు కాలువ కట్టల మీద, గుంటల గట్ల మీద, చెరువు అంచుల్లో నాలుగైదు ఇళ్లుగా చెదిరి ఉంటుంది. లెక్క మాత్రం 'ఆవాసం' అనే మాట చుట్టూ తిరుగుతుంది. రోడ్డుకైనా, నీళ్ల ట్యాంకుకైనా జనాభాలో నిర్ణీత శాతం ఉన్న ఆవాసం కావాలి. గుంట గట్టు మీద కాపలా గుడిసెను ఆవాసం అని ఏ రికార్డూ రాయదు. పని పోతే గుడిసె పోతుంది, గుడిసె పోతే చిరునామా పోతుంది, చిరునామా పోతే పద్దు కూడా పోతుంది. అంతరిక్ష కేంద్రం కోసం శ్రీహరికోట దీవి నుంచి యానాది కుటుంబాలను తరలించిన నాటి నుంచి వాళ్ల కథ ఇదే. దేశానికి రాకెట్ కేంద్రం వచ్చింది, వాళ్లకు స్థిరమైన అడ్రసు రాలేదు.

విడదీయరాని మౌలిక సదుపాయం అనే నాలుగో రకాన్ని ఈ తీరంలో పెట్టి చూడండి. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. దాని పక్కనే నేలటూరులో జెన్‌కో థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మూడోది 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. ఆ కేంద్రం పేరు శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం. ఆంధ్రప్రదేశ్‌కు, ఆ మాటకొస్తే దేశంలోనే, మొదటి దళిత ముఖ్యమంత్రి పేరు అది. పేరు ఇవ్వడం మంచిదే. కానీ రోడ్డు, వంతెన, కరెంటు లైను వంటి విడదీయరాని నిర్మాణాల విలువలో ఇంత శాతం దళితులది అని 'భావించే' సూత్రం ఉన్నప్పుడు, ఆ నిర్మాణాల్లో ఉద్యోగాలు, కాంట్రాక్టులు, రవాణా లారీలు, దుకాణాల్లో దళితుల వాటా ఎంత అని లెక్కించే సూత్రం కూడా ఉండాలి కదా? ఖర్చును విడదీసి మన పేర రాయగలిగినప్పుడు, లాభాన్ని విడదీయలేకపోవడం ఏమిటి? శ్మశానానికి దారి లేని వాడకు, ఉప్పు నీళ్లు తప్ప దిక్కులేని వాడకు, భావించిన రోడ్డు పనికిరాదు.

ఇతర చోట్ల ఏం జరిగింది

ఇది నెల్లూరు గోడు మాత్రమే కాదు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలప్పుడు ఎస్సీల ప్రత్యేక అంగ ప్రణాళిక నుంచి 700 కోట్లకు పైగా క్రీడల సంబంధిత పనులకు మళ్లించారని హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్ సమాచార హక్కు ద్వారా బయటపెట్టింది. పార్లమెంటులో గొడవ జరిగింది. నాటి హోం మంత్రి చిదంబరం మళ్లింపు జరిగిందని ఒప్పుకోక తప్పలేదు. అంకె బయటికి వచ్చింది కాబట్టే అది సాధ్యమైంది.

కర్ణాటక 2013లో మన తర్వాత ఇలాంటి చట్టం చేసింది. అందులో 7డి అనే నిబంధన ఉండేది. మౌలిక సదుపాయాల ఖర్చులో కొంత భాగాన్ని ఉప ప్రణాళికలో ఖర్చయినట్టు భావించడానికి అది వీలిచ్చేది. దళిత సంఘాలు పదేళ్లు పోరాడితే 2023లో దాన్ని తీసేశారు. గెలుపే. కానీ అదే ఏడాది ఉప ప్రణాళిక నుంచి 11,144 కోట్లను ప్రభుత్వ గ్యారెంటీ పథకాలకు చూపారు. ఎస్సీ ఎస్టీ లబ్ధిదారుల వాటాయే కదా అన్నది సమర్థన. నాలుగో రకం తలుపు మూస్తే రెండో రకం తలుపు తెరుచుకుంది.

తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది కలపాలన్న నిబంధన అందులో చేర్చారు. దాని అమలు మీద అక్కడి సంఘాలకు ఫిర్యాదులున్నాయి. అయినా నిబంధన ఉండటం వేరు, లేకపోవడం వేరు. 2013 చట్టంలో ఆ రక్షణ లేదు. మన దగ్గర మార్చి 31న మురిగిన కేటాయింపు మురిగినట్టే.

మాకు ఎదురయ్యే ప్రశ్న

సభల్లో, తరగతి గదుల్లో మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "నగదు నేరుగా దళిత మహిళ ఖాతాలో పడటం కంటే నేరుగా అందే ప్రయోజనం ఏముంటుంది? మధ్యలో కాంట్రాక్టరు తినే సిమెంటు రోడ్డు కంటే అది మేలు కదా?" ఈ ప్రశ్నలో నిజం ఉంది. దాన్ని దాటవేయకూడదు. ఖాతాలో పడిన డబ్బు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లే అవసరాన్ని కొంత తగ్గించింది. ఆ పథకాలు ఆపమని మేం అనడం లేదు.

మేం అంటున్నది వేరు. పౌరులందరికీ వచ్చేది దళితులకు పౌరులుగానే రావాలి, సాధారణ పద్దులోంచి రావాలి. ఉప ప్రణాళిక దానికి అదనం కావాలి. పౌరులుగా రావలసినదాన్ని ఉప ప్రణాళిక డబ్బుతో ఇస్తే, సాధారణ బడ్జెట్‌లోంచి దళితుల్ని బయటికి నెట్టినట్టు అవుతుంది. ఊరి బావి దగ్గర చేసిన పనినే పద్దు పుస్తకంలో చేసినట్టు అవుతుంది. అందరికీ ఒక బావి, మీకు ఒక బావి, మీ బావి ఖర్చు మీ లెక్కలో.

ఇంకో మాట కూడా మనలో మనం చెప్పుకోవాలి. ఎస్సీ అనే పద్దులో పడిన డబ్బు ఎవరికి ఎంత చేరిందో ఆ పద్దు చెప్పదు. మాదిగ, మాల, రెల్లి, ఇతర ఉపకులాలవారీగా, స్త్రీ పురుషులవారీగా, జిల్లాలవారీగా ఖర్చు వివరాలు అడగడం ఐక్యతకు భంగం కాదు. ప్రభుత్వాన్ని లెక్క అడిగేవాళ్లు తమలోని లెక్కకు భయపడకూడదు.

అడగవలసినవి

ఎస్సీ ఉప ప్రణాళిక ఖర్చును ప్రభుత్వ లెక్కల్లో 789 అనే చిన్న పద్దు కింద, గిరిజన ఉప ప్రణాళికను 796 కింద రాస్తారు. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఏ శాఖ డిమాండ్ తెరిచినా ఈ రెండు సంఖ్యలను వెతికితే చాలు. రోడ్లు, నీటిపారుదల, విద్యుత్, మత్స్య శాఖ, ఏదైనా సరే. ఒక్కో శాఖను ఒక్కో విద్యార్థి తీసుకుంటే ఒక సెలవుల్లో మొత్తం తేలుతుంది.

తర్వాత జిల్లా స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తు. అడగవలసినవి ఆరే. ఈ మండలంలో 789 పద్దు కింద ఎంత కేటాయించారు? ఎంత విడుదలైంది? మార్చి 31 నాటికి ఎంత ఖర్చయింది, ఎన్ని బిల్లులు ఆగాయి? అందులో ఎస్సీలకు మాత్రమే ఉద్దేశించిన పథకాలది ఎంత? సాధారణ పథకాల్లో వాటాగా రాసింది ఎంత? భావించిన ఖర్చు ఎంత? ఈ ఆరు అంకెలూ పక్కపక్కన రాసి దళితవాడ రచ్చబండ దగ్గర అతికించండి. కేటాయింపు అనే మాటకు అర్థం ఏ వ్యాసం కంటే ఆ కాగితం బాగా చెబుతుంది.

చట్టం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర మండలి ఉండాలంది. ఏటా నివేదిక శాసనసభ ముందు పెట్టాలంది. ఆ మండలి చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఆ నివేదిక ఎక్కడుంది అని సభలో అడగవలసిన బాధ్యత రిజర్వుడు స్థానాల్లో గెలిచిన ప్రతి ఎమ్మెల్యేకీ ఉంది. వాళ్లను అడగవలసిన బాధ్యత మనకుంది.

2033లో చట్టం గడువు మళ్లీ ముగుస్తుంది. అప్పటికి మన చేతిలో పదేళ్ల వాస్తవ ఖర్చు లెక్క, మండలాలవారీగా, ఉండాలి. లేకపోతే మళ్లీ పొడిగించండని ప్రాధేయపడటమే మిగులుతుంది. ఉంటే మాత్రం గడువు లేని చట్టం, భావించడం లేని లెక్క, మురిగిపోని వాటా అడగవచ్చు. తేదీ దూరంగా ఉందని ఊరుకోవద్దు. వచ్చే బడ్జెట్ పుస్తకం రాగానే, ముందు వాస్తవ ఖర్చు వరుసలోని 789 చూడండి.